గుంతకల్లు వేసవిలో భారీ గుమ్మడి సాగు: కొత్తవారు తెలుసుకోవలసిన శాస్త్రీయ అంశాలు

వందల కిలోల బరువు తూగే గుమ్మడికాయల చిత్రాలు ఇటీవల మన గ్రామీణ యువతను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. అటువంటి కాయ బొమ్మ ముద్రించిన విత్తనాల పొట్లాన్ని చూపి, "ఇది మన నేలలో కాస్తుందా?" అని అడిగే రైతు విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురవడం సహజం. గుంతకల్లు ప్రాంతంలో ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల లోపే ఉండే అనంతపురం జిల్లాలో వేసవి పంట అంటే బోరు నీటి పంట. తప్పు విత్తనాన్ని తప్పు నెలలో నాటితే నష్టపోయేది కాయ ఒక్కటే కాదు, తిరిగి రాని నీరు కూడా. అందువల్ల భారీ గుమ్మడి ఏ పరిస్థితులలో పెరుగుతుంది, ఆ పరిస్థితులు మన వేసవిలో ఎంతవరకు లభిస్తాయి, కొత్తగా ప్రయత్నించేవారు ఏ లక్ష్యాన్ని పెట్టుకోవడం సమంజసం అనే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

భారీ గుమ్మడి – జాతి భేదం

మన వాడుకలో 'గుమ్మడి' అనే పేరు మూడు వేర్వేరు మొక్కలకు వర్తిస్తున్నది. కూరకు, దప్పళానికి వాడే తియ్య గుమ్మడి అధికంగా కుకుర్బిటా మోస్కాటా జాతికి చెందుతుంది. గుమ్మాలకు దిష్టికి కట్టే, వడియాలకు వాడే బూడిద గుమ్మడి బెనిన్‌కాసా హిస్పిడా అనే వేరొక ప్రజాతి మొక్క. పోటీలలో ప్రదర్శించే భారీ గుమ్మడి మూడవది, కుకుర్బిటా మాక్సిమా. మోస్కాటా కాయ తొడిమ గట్టిగా, అయిదు పలకలుగా ఉండి కాయను తాకే చోట వెడల్పవుతుంది. మాక్సిమా తొడిమ గుండ్రంగా, మెత్తగా, బెరడు వలె ఉంటుంది. విద్యార్థులు ముందుగా ఈ తేడాను గుర్తించడం నేర్చుకోవాలి. ఎందుకంటే మాక్సిమా చల్లని వాతావరణాన్ని కోరుతుంది, మోస్కాటా వేడిని బాగా తట్టుకుంటుంది. వేసవి సాగులో తొలి నిర్ణయం ఈ తేడాపైనే ఆధారపడుతుంది.

భారీ కాయల చరిత్ర కూడా చల్లని దేశాలదే. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో కెనడాకు చెందిన విలియం వార్నాక్ ప్రదర్శించిన కాయ 400 పౌండ్లు, అనగా సుమారు 181 కిలోలు తూగింది. అదే దేశంలోని నోవా స్కోషియా రాష్ట్రానికి చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఎంపిక చేసి 'అట్లాంటిక్ జెయింట్' రకాన్ని రూపొందించాడు. నేటి పోటీ కాయలన్నీ దాదాపుగా ఆ వంశానివే. 2023లో అమెరికాలో 1,247 కిలోల కాయ, 2025లో ఇంగ్లండులో 1,278.8 కిలోల కాయ ప్రపంచ రికార్డులుగా నమోదయ్యాయి.

కాయ అంత పెద్దది కావడానికి కారణం

2015లో 'ప్లాంట్, సెల్ అండ్ ఎన్విరాన్‌మెంట్' పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని పరిశీలించింది. భారీ రకాలలో ఆకు కాడలోను, కాయ తొడిమలోను చక్కెరలను మోసే ఫ్లోయం కణజాలం విస్తీర్ణం ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. నాళాల వాహక సామర్థ్యంలో మాత్రం అంతటి భేదం కనబడలేదు. అనగా దారి వేగవంతం కాలేదు, దారుల సంఖ్య పెరిగింది. ఈ గుణం విత్తనంతో వస్తుంది. కానీ ఆ దారులలో ప్రవహించవలసిన చక్కెరను తయారు చేసేది ఆకులు, కాపాడేది వాతావరణం. పోటీదారులు ఒక్కొక్క మొక్కకు 50 నుండి 90 చదరపు మీటర్ల స్థలం కేటాయించి, తీగకు ఒకే కాయ ఉంచుతారు. ఉత్తమ దశలో అటువంటి కాయ రోజుకు 15 నుండి 20 కిలోల వరకు బరువు పెరుగుతుంది.

గుంతకల్లు వేసవి విధించే పరిమితులు

మొదటిది రాత్రి వేడి. మొక్క పగలు తయారు చేసిన చక్కెరలో కొంత భాగం శ్వాసక్రియలో ఖర్చవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం సుమారు రెండింతలవుతుంది. భారీ కాయలు పండే ప్రాంతాలలో వేసవి రాత్రులు 15 డిగ్రీల సమీపంలో ఉండగా, మనకు ఏప్రిల్, మే నెలల రాత్రులు 25 డిగ్రీలకు పైన ఉంటాయి. అక్కడ కాయకు చేరే చక్కెరలో గణనీయమైన భాగం ఇక్కడ రాత్రికి రాత్రే ఖర్చయిపోతుంది.

రెండవది పగటి నిడివి. ఇంగ్లండు దక్షిణ భాగంలో జూన్ నెల పగలు పదహారు గంటలకు మించి ఉంటుంది. పదిహేను డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న గుంతకల్లులో అతి దీర్ఘమైన పగలు దాదాపు పదమూడు గంటలే. ఎండ తీవ్రత మనకు ఎక్కువ, కానీ కిరణజన్య సంయోగక్రియకు అనువైన గంటలు తక్కువ. మధ్యాహ్నపు తీవ్రత మొక్కకు లాభం కన్నా నష్టమే చేస్తుంది.

మూడవది గాలి దాహం. గాలి 26 డిగ్రీల వేడిమి, 60 శాతం తేమతో ఉన్నప్పుడు బాష్ప పీడన లోటు సుమారు 1.3 కిలోపాస్కళ్లు. అదే 40 డిగ్రీల వేడిమి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది 5.9 కిలోపాస్కళ్లకు చేరుతుంది. ఆకుల నుండి నీటిని లాగే శక్తి నాలుగు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. గుమ్మడి ఆకు విశాలమైనది, పలుచనిది. వేళ్లు ఎంత నీరు అందించినా ఈ దాహాన్ని తీర్చలేవు. అందుకే పాదులో తేమ నిండుగా ఉన్నప్పటికీ మధ్యాహ్నం ఆకులు వాలిపోతాయి. కొత్తవారు దీనిని నీటి కొరతగా భావించి మధ్యాహ్నం మళ్లీ నీరు పెడతారు. దానివల్ల వేళ్లకు గాలి అందక కుళ్లు తెగుళ్లు వస్తాయి. సాయంత్రానికి ఆకులు తేరుకుంటే నీరు చాలినట్లే. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే నీరు చాలలేదని నిర్ధారించాలి.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పూత. గుమ్మడిలో మగ, ఆడ పూలు ఒకే తీగపై వేరువేరుగా పూస్తాయి. అధిక ఉష్ణోగ్రత, దీర్ఘమైన పగలు మగ పూలను పెంచుతాయి. చల్లదనం, చిన్న పగలు ఆడ పూలను పెంచుతాయి. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటే కొద్దీ పుప్పొడి జీవశక్తి తగ్గి, ఫలదీకరణ జరగక పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. ఫిబ్రవరి ఆఖరున, మార్చిలో విత్తిన తీగ ఏప్రిల్, మే నెలల్లో పూతకు వస్తుంది. తీగ బాగా పాకినా కాయ నిలవదు. ఇటువంటి చోట "విత్తనం మంచిది కాదు" అన్న ఫిర్యాదు వినవస్తుంది. కానీ దోషం చాలా వరకు విత్తిన తేదీది.

విత్తే కాలం, రకం

పై పరిమితులను బట్టి వేసవి గుమ్మడి సాగు అంటే ఎండలను ఎదిరించడం కాదు, ఎండలు ముదిరేలోగా కాయను నిలిపి, ఎండల్లో దానిని కాపాడుకోవడం. జనవరి మొదటి పక్షంలో విత్తితే సుమారు 50 నుండి 55 రోజులకు, అనగా ఫిబ్రవరి చివరి వారం నుండి మార్చి మొదటి వారం లోపు ఆడ పూలు వస్తాయి. అప్పటి ఉదయాలు ఇంకా చల్లగానే ఉంటాయి. పిందె నిలిచిన తరువాత 45 నుండి 55 రోజులలో కాయ ముదురుతుంది. ఏప్రిల్ మూడవ వారానికి కాయ కోతకు సిద్ధమవుతుంది.

ఈ వ్యవధికి సరిపోయే రకాన్నే ఎన్నుకోవాలి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా విశ్వాస్ సుమారు 120 రోజుల రకం, కాయ సగటున 5 కిలోలు ఉంటుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క చందన్ కాయలు 2 నుండి 3 కిలోలు తూగుతాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు కో-1 కాయ 7 నుండి 8 కిలోలు ఉన్నా, దాని పంటకాలం 175 రోజులు. దానిని జనవరిలో విత్తితే పంటకాలంలో పెద్ద భాగం ఏప్రిల్, మే ఎండల్లో గడుస్తుంది. కావున కో-1 జూన్, జూలై నెలల్లో విత్తడానికి అనువైనది. స్థానికంగా పెద్ద కాయలు కాసే తీగ నుండి సేకరించిన విత్తనం దొరికితే అదీ మంచిదే.

కొత్తవారు పెట్టుకోదగిన లక్ష్యం ఎంచుకున్న రకపు సగటు బరువుకు రెండింతలు. అనగా వేసవిలో పూసా విశ్వాస్‌తో 10 కిలోలు, వర్షాకాలంలో కో-1తో 15 కిలోలు. అట్లాంటిక్ జెయింట్ విత్తనాన్ని వేసవిలో వేయవలదని రైతుకు స్పష్టంగా చెప్పాలి.

పాదు తయారీ

గుంతకల్లు పరిసరాలలో ఎర్ర గరప నేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నాయి. ఎర్ర నేలలో మీటరు వెడల్పు, అర మీటరు లోతు గుంత తీసి, గరుసు ఏరివేసి, చెరువు మట్టి, 20 నుండి 25 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి కలిపి నింపాలి. నల్లరేగడిలో గుంత కన్నా ఎత్తైన మట్టి దిబ్బ మేలు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. బోరు నీటిని, మట్టిని ముందుగా పరీక్ష చేయించి లవణ శాతం తెలుసుకోవాలి.

విత్తనాన్ని కిలోకు 3 గ్రాముల థైరమ్ చొప్పున శుద్ధి చేయాలి. పాదుకు మూడు గింజలు వేసి, నాలుగు ఆకుల దశలో బలమైన ఒక్క మొక్కను ఉంచి మిగిలినవి తీసివేయాలి. ఒక మొక్కకు కనీసం 10 చదరపు మీటర్ల స్థలం వదలాలి. రెండు నుండి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి పిచికారి చేస్తే ఆడ పూలు ఎక్కువగా వస్తాయి.

నత్రజనిని ఒకేసారి వేయరాదు. ఎకరానికి సిఫారసు చేసిన 32 నుండి 40 కిలోల నత్రజనిని రెండు సమ భాగాలుగా చేసి, విత్తిన 25 నుండి 30 రోజులకు ఒకసారి, పూత, పిందె దశలో మరొకసారి ఇవ్వాలి. భాస్వరం 32 నుండి 40 కిలోలు, పొటాష్ 16 నుండి 20 కిలోలు ఆఖరి దుక్కిలో వేయాలి. ఈ మోతాదులను పాదు విస్తీర్ణానికి తగ్గించి లెక్కించుకోవాలి. పది చదరపు మీటర్లు ఎకరంలో నాలుగు వందల అయిదవ వంతు మాత్రమే. అనగా మొత్తం కాలానికి సుమారు 80 నుండి 100 గ్రాముల నత్రజని, ఎక్కువలో ఎక్కువ 220 గ్రాముల యూరియా చాలు. "పెద్ద కాయకు పెద్ద ఎరువు" అనే అపోహతో గుప్పెళ్లు గుప్పెళ్లు వేస్తే తీగ పాకుతుంది, పూత వెనుకపడుతుంది. మన ప్రాంతంలో పూత ఒక్క వారం వెనుకపడితే అది ఒక వారం ఎక్కువ వేడిలోకి నెట్టబడినట్లే.

నేలను చల్లబరచడం

వేసవి మధ్యాహ్నం నగ్నంగా ఉన్న ఎర్ర నేల ఉపరితలం 50 డిగ్రీలు దాటుతుంది. గుమ్మడి వేళ్లలో ఎక్కువ భాగం పై పొరలోనే వ్యాపిస్తాయి. కావున పాదు చుట్టూ, తీగ పాకే మేర 5 నుండి 8 సెంటీమీటర్ల మందాన ఆచ్ఛాదన పరచాలి. వేరుశనగ ప్రధాన పంటగా గల ఈ జిల్లాలో కాయలు ఒలిచే మిల్లుల వద్ద లభించే వేరుశనగ పొట్టు ఇందుకు చౌకైన వనరు. అయితే పొట్టు ద్వారా మొదలు కుళ్లు శిలీంధ్రం, చెదలు వచ్చే అవకాశం ఉంది. అందువల్ల కాండం మొదలు నుండి ఒక జానెడు దూరం వదిలి పరచాలి.

తీగ కణుపులను తడి మట్టితో కప్పితే అక్కడ అదనపు వేళ్లు పుట్టి నీటి సరఫరా పెరుగుతుంది. ఇది భారీ గుమ్మడి సాగుదారులు తప్పక పాటించే పద్ధతి. గాలికి తీగ దొర్లకుండా కూడా కాపాడుతుంది. పడమటి వైపు జొన్న లేదా అవిసె వరుస వేస్తే సాయంత్రపు ఎండ, వడగాలి తగ్గుతాయి. మార్చి రెండవ పక్షం నుండి మధ్యాహ్నం వేళ 35 శాతం నీడనిచ్చే వల కట్టడం మంచిది. ఉదయపు ఎండను మాత్రం అడ్డుకోరాదు. మొక్క తన ఆహారాన్ని అధికంగా తయారు చేసుకునేది అప్పుడే.

చేతి పరాగ సంపర్కం

గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చుకొని, ఎండ ముదిరేలోగా ముడుచుకుంటుంది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గ కొన ముందు రోజు సాయంత్రమే పసుపు రంగుకు తిరుగుతుంది. అటువంటి ఆడ మొగ్గను, రెండు మూడు మగ మొగ్గలను దారంతో వదులుగా కట్టి ఉంచాలి. మరునాడు ఉదయం ఏడు గంటల లోపు మగ పూల రేకులు తీసివేసి, పుప్పొడిని ఆడ పూవు కీలాగ్రపు అన్ని తమ్మెలకు సమంగా అద్దాలి. ఒక తమ్మెకు పుప్పొడి అందకపోతే కాయ ఒక వైపే పెరిగి వంకర తిరుగుతుంది. తేదీ రాసిన చీటీ కట్టి, మొదటి మూడు రోజులు పిందెపై తడి గుడ్డతో నీడ కల్పించాలి. ఆ గంటలలో ఎటువంటి పురుగుమందూ చల్లరాదు. తేనెటీగలు తిరిగే వేళ అది.

ప్రధాన తీగపై పదవ కణుపు దాటిన తరువాత వచ్చే రెండు మూడు పిందెలను నిలిపి, పది పన్నెండు రోజుల తరువాత వాటిలో వేగంగా పెరుగుతున్న ఒక్కదానిని ఉంచి, మిగిలినవి తుంచివేయాలి. కొత్తవారికి కష్టమనిపించే పని ఇదే. కానీ భారీ కాయ రహస్యంలో సగం ఇక్కడే ఉంది. తీగలోని చక్కెర అంతా ఒకే నిల్వ స్థానానికి చేరాలి.

కాయ సంరక్షణ, కొలత

కాయ కింద పొడి ఇసుక పరిస్తే అడుగు కుళ్లదు, కాయ పెరిగే కొద్దీ సులువుగా జరుగుతుంది. పైన గోనె పట్టాతో నీడ కల్పించకపోతే పడమటి వైపు తొక్క ఎండకు కాలి, ఆ మచ్చ వద్ద నుండి కుళ్లు మొదలవుతుంది. గుమ్మడిని ఆశించే పండు ఈగకు క్యూల్యూర్ ఎర అమర్చాలి. మామిడి తోటలలో వాడే మిథైల్ యూజినాల్ దీనిని ఆకర్షించదు. లేత కాయకు పలుచని గుడ్డ తొడుగు వేస్తే మరింత రక్షణ. పెంకు పురుగులను లేత దశలో ఉదయం వేళ చేతితో ఏరివేసి, 5 శాతం వేపగింజల కషాయం చల్లాలి. వెర్రి తెగులు సోకిన మొక్కను వెంటనే పీకి నాశనం చేయాలి. గంధకం మందులు గుమ్మడి ఆకులను మాడ్చివేస్తాయి కాబట్టి బూడిద తెగులుకు వాటిని వాడరాదు.

కాయ చుట్టుకొలతను ప్రతి మూడవ రోజు ఒకే సమయంలో టేపుతో కొలిచి నమోదు చేయాలి. గుండ్రని కాయ చుట్టుకొలత 100 సెంటీమీటర్లు ఉంటే ఘనపరిమాణం దాదాపు 17 లీటర్లు. 110 సెంటీమీటర్లకు అది 22 లీటర్లు దాటుతుంది. చుట్టుకొలతలో పది శాతం పెరుగుదల ఘనపరిమాణంలో మూడవ వంతు పెరుగుదలకు సమానం. లోపల గుల్ల ఉన్నందున కిలోలలో బరువు ఈ అంకెకన్నా తక్కువే ఉంటుంది. పెరుగుదల ఒక్కసారిగా ఆగితే కారణం నీరా, వేడా, తెగులా అని ఆ రోజే వెతకవచ్చు. ఈ పట్టిక లేకుండా సాగు చేసినవారికి కాయ మిగులుతుంది, అనుభవం మిగలదు.

నీటి లెక్క

మార్చి, ఏప్రిల్ నెలల్లో బాష్పీభవనం రోజుకు 10 మిల్లీమీటర్లు ఉన్నదనుకుందాం. పాత్ర గుణకం 0.7, పూర్తిగా అల్లుకున్న పైరు గుణకం 1 అనుకుంటే పైరుకు రోజుకు 7 మిల్లీమీటర్ల నీరు కావాలి. పది చదరపు మీటర్ల తీగకు అది రోజుకు 70 లీటర్లు. మొదటి 30 రోజులు సగటున 8 లీటర్లు, తరువాతి 30 రోజులు 30 లీటర్లు, చివరి 50 రోజులు 70 లీటర్లు చొప్పున లెక్కిస్తే 110 రోజులకు సుమారు 4,600 లీటర్లు అవుతుంది. పది కిలోల కాయ వస్తే కిలోకు 460 లీటర్లు.

అదే స్థలంలో మామూలు దూరంలో గుమ్మడి వేసి, ఎకరాకు 10 టన్నుల దిగుబడి సాధిస్తే పది చదరపు మీటర్లకు సుమారు 25 కిలోలు వస్తాయి. అప్పుడు కిలోకు 185 లీటర్లు చాలు. అంటే భారీ కాయ మామూలు పంటకన్నా రెండున్నర రెట్ల నీటిని కోరుతున్నది. ఈ లెక్కను రైతు ముందు దాచరాదు. భారీ గుమ్మడి మన ప్రాంతంలో ఎకరాల మీద వేసే పంట కాదు. ఇంటి పెరటిలోనో, పొలం గట్టు పక్కనో, కృషి విజ్ఞాన కేంద్రపు ప్రదర్శన మడిలోనో పెంచదగిన ఒక్క తీగ మాత్రమే. ఆ నీటిని కూడా బిందు సేద్యం ద్వారా తెల్లవారుజామున, ప్రతి రోజూ సమంగా ఇవ్వాలి. రెండు రోజులు ఆపి మూడవ రోజు నిండుగా పెడితే ముదిరిన తొక్క ఒత్తిడికి తట్టుకోలేక కాయ పగులుతుంది.

ముగింపు

ఒక్క తీగపై ఇంత శ్రమ ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం ఆ తీగ నేర్పే పాఠంలో ఉంది. విత్తే తేదీకి, పూత నిలవడానికి గల సంబంధం, ఆచ్ఛాదన వల్ల మిగిలే తేమ, మధ్యాహ్నపు వాడుకు, నీటి కొరతకు మధ్య తేడా – ఇవన్నీ దోస, బీర, పుచ్చ, కర్బూజ సాగు చేసే రైతుకు నేరుగా ఉపయోగపడే విషయాలు. గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో ఉండే విద్యార్థులు రైతు సేవా కేంద్రం ఆవరణలో జనవరిలో ఒక తీగను, మార్చిలో మరొక తీగను నాటి, రెండింటి పక్కన కొలతల పట్టిక వేలాడదీస్తే చాలు. మొదటి తీగపై కాయ నిలుస్తుంది. రెండవ తీగ కింద రాలిన పిందెలు కనిపిస్తాయి. ఆ రెండింటినీ పక్కపక్కన చూసిన రైతుకు విత్తే తేదీ విలువ వేరుగా చెప్పనవసరం ఉండదు. విత్తనాల పొట్లం తెచ్చి చూపిన రైతుకు కూడా అదే సరైన సమాధానం: ఆ బొమ్మలోని కాయ మన వేసవిలో కాయదు; జనవరిలో మన రకాన్ని నాటి, ఒక్క కాయను నిలిపి, నేలను చల్లగా ఉంచితే, మామూలు కాయకు రెండింతలు తూగే కాయను ఆశించవచ్చు.